క్లీవ్‌లాండ్ వాడా, టాంపా వాడా

ఇద్దరూ ఒకటే, అదే బాధ. ఒకడు నాలుగంగుళాలు పొట్టివాడయినా, ఒకడి మోకాలు వాచినా, పోయిన వారం ఒకడు బంతి జారవిడిచినా ఈపాటికి నా పని అయిపోయేది, చారుగిన్నె సన్నటి సెగమీద పెట్టి కాళ్ళు రెండూ ఎదుటి కుర్చీమీద చాపుకునేదాన్ని. క్లీవ్‌లాండ్ జట్టులో హాల్‌స్టెడ్ ఆరడుగుల ఐదంగుళాలు. టాంపా జట్టులో డోలన్ కూడా ఆరడుగుల ఐదంగుళాలే. ఈ ఏడాది హాల్‌స్టెడ్ వారానికి ఎనిమిదిన్నర పాయింట్లు తెచ్చిపెట్టాడు, డోలనూ అంతే, చుక్క తరవాత రెండో అంకెలో ఎక్కడో చిన్న తేడా. ఇద్దరికీ ఇరవయ్యారేళ్ళు. ఇద్దరికీ ఒకేలాంటి గడ్డం. చక్కెర డబ్బాకి ఆనించి పెట్టిన ఫోనులో ఇద్దరి బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాను, పెళ్ళిచూపులకి వచ్చిన కవల పిల్లల్ని చూసినట్టు. గోడ గడియారం పదకొండు చూపిస్తోంది. పన్నెండుకి ఆటలు మొదలవుతాయి, మొదలైన క్షణంలో తాళం పడుతుంది, ఆ తరవాత దేవుడు దిగొచ్చినా జట్టు మార్చలేడు. ఒక్క చోటుంది, ఇద్దరున్నారు. ఒకడు లోపల, ఒకడు బెంచీమీద.

జట్టు నాది కాదు, మా ఆయన డుయేన్‌ది. అది జట్టు కూడా కాదు, ఉత్తుత్తి జట్టు. నిజం ఆటగాళ్ళని పదిమంది మగవాళ్ళు ఆగస్టులో ఒక బల్లచుట్టూ కూర్చుని కాగితంమీద పంచుకుంటారు, అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు, అంత కోపంగానూ. ఆదివారం ఆ ఆటగాడు ఎక్కడో తన ఊళ్ళో తన ఆట ఆడుకుంటే ఆ పరుగులు లెక్కగట్టి వీళ్ళ ఖాతాలో పాయింట్లుగా వేసుకుంటారు. ఇరవై రెండేళ్ళుగా ఇదే. మొదట్లో సోమవారం పేపరు చూసి పెన్సిలుతో కూడుకునేవాళ్ళు, ఇప్పుడు ఫోనే కూడిపెడుతుంది. నాకు ఈ ఆట తెలియదని కాదు. విస్కాన్సిన్‌లో పుట్టినదానికి ఫుట్‌బాల్, అదే, చేత్తో బంతి పట్టుకుని పరిగెత్తే మా ఫుట్‌బాల్, తెలియకపోవడమేమిటి, మా అమ్మ నన్ను కడుపులో పెట్టుకుని గ్రీన్ బేలో మంచులో కూర్చుని కేకలు పెట్టిందట. ఈ ఇద్దరిలాంటి టైట్ ఎండ్ అనేవాడి పని ఏమిటో కూడా నాకు బాగా తెలుసు. సగంసేపు గోడలా అడ్డం నిలబడి, మీదికొచ్చే ఏనుగుల్లాంటివాళ్ళని ఆపాలి, తనవాడు ఎవడో హాయిగా పరిగెత్తడానికి. మిగతా సగంసేపు తనే పరిగెత్తి బంతి పట్టుకోవాలి. గోడలా నిలబడినందుకు పాయింట్లు లేవు. పట్టుకుంటేనే పాయింట్లు.

డుయేన్ అడవిలో ఉన్నాడు. ఊళ్ళో మగవాళ్ళంతా అడవిలోనే ఉన్నారు, నవంబరు చివర జింకల వేట తొమ్మిది రోజులు, ఇవాళ ఆఖరు రోజు. ఉదయం చర్చిలో బల్లలన్నీ ఆడవాళ్ళే, పాస్టరుగారి గొంతు ఒక్కటే బొంగురు. గురువారం థాంక్స్‌గివింగ్ పండగ భోజనానికి డుయేన్ వచ్చాడు, నారింజ రంగు కోటు కూడా విప్పకుండా రెండు పళ్ళేల టర్కీ కోడి తిని, కుర్చీలోనే అరగంట కునుకు తీసి, మళ్ళీ వెళ్ళిపోయాడు. అడవిలో వాళ్ళుండే గుడిసె దగ్గర ఫోను పలకదు. అందుకని వేట వారంలో జట్లు పెట్టే బాధ్యత పెళ్ళాలమీద పడుతుంది, అది కూడా ఇరవై రెండేళ్ళ ఆచారమే. ఎవరి మొగుడు వాళ్ళకి చీటీ రాసిచ్చి పోతాడు. డుయేన్ చీటీ ఫ్రిజ్ తలుపుమీద ఉంది. మిగతా ఎనిమిది చోట్లకీ ఎనిమిది పేర్లు, గట్టిగా, పెద్ద అక్షరాలతో. అడుగున, "టైట్ ఎండ్: హాల్‌స్టెడ్ లేకపోతే డోలన్. పదిన్నర లిస్టు చూడు!!! నీ ఇష్టం." ఆశ్చర్యార్థకాలు మూడు. అవి నిరుటివి, నాకోసం దాచిపెట్టినవి.

నిరుడు ఏమయిందంటే, కొత్తగా చెప్పేదేముంది, ఊరంతటికీ తెలుసు. ఆట మొదలవడానికి గంటన్నర ముందు ప్రతి జట్టూ ఇవాళ ఎవరెవరు ఆడటంలేదో లిస్టు బయటపెడుతుంది. పదిన్నరకి. నిరుడు పదిన్నరకి నేను చర్చి కింద గదిలో కాఫీ పోస్తున్నాను, ఎనభై మందికి, ఆ రోజు నా వంతు. ఇంటికొచ్చేసరికి పన్నెండుంబావు. నేను ముందురోజు పెట్టిన మనిషి పిక్క పట్టేసి ఆ రోజు ఆట బట్టలు కూడా వేసుకోలేదు, పక్కన టోపీ పెట్టుకుని నిలబడి చూయింగ్ గమ్ నములుతున్నాడు. సున్నా. మూడు పాయింట్లతో ఓడిపోయాం. లీగులో అందరికంటే అడుగున మేమే. అడుగున మిగిలినవాడి ఇంట్లో మరుసటి ఏడాది పంపకాలు జరగాలి, అది వాళ్ళ రూలు. పంపకాలంటే ఒక్క పూట కాదు, శుక్రవారం సాయంత్రం వచ్చి ఆదివారం మధ్యాహ్నం పోతారు, పదిమంది, ఆగస్టు చివరి వారం. నలుగురు కింద గదిలో, ముగ్గురు హాల్లో, మిగతావాళ్ళు పెరట్లో గుడారంలో. రెండు స్నానాలగదులు. మూడు రోజుల్లో నేను నూట పది బ్రాట్‌వర్స్ట్ సాసేజ్‌లు ఉడకబెట్టాను, బీరులో ఉల్లిపాయలతో, తరవాత డుయేన్ వాటిని బయట నిప్పులమీద అటూ ఇటూ తిప్పాడు, అందరూ డుయేన్ వంట బాగుందన్నారు. తివాచీమీద ఆవాల పచ్చడి మరక ఇప్పటికీ ఉంది, అందుకే సోఫా అక్కడికి జరిపాను, జరిపాక హాల్లో నడిచినప్పుడల్లా మోకాలు తగులుతోంది. అదేం కాదు. మరక గురించి కాదు నేను ఆలోచిస్తున్నది.

నోరీన్ గురించి. నోరీన్ మా అక్క, నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. అరవైమూడు. షెబాయ్‌గన్‌లో ఒక్కతే ఉంటుంది, ప్రతి ఆగస్టు చివరి వారం లేక్ సుపీరియర్‌లో ఒక దీవిమీద చెక్క గది తీసుకుంటుంది. అక్కడ చెయ్యడానికేమీ ఉండదు. అదే దాని గొప్ప. పడవ దిగి, రొట్టె కొనుక్కుని, చల్లటి నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవడమే. నాకు కూడా ఏడాదికి అదొక్క వారమే. స్కూలు వంటగదిలో పని నాది, మూడు వందల ఎనభై మంది పిల్లలకి, సెప్టెంబరు మొదటి తారీకుకల్లా పెనాలు పొయ్యిమీద ఉండాలి, జూన్ జూలైలలో వేసవి బడి పిల్లలకి వండాలి. నిరుడు ఆగస్టులో వెళ్ళలేదు, డుయేన్‌కి హెర్నియా ఆపరేషను. ఈ ఏడాది వెళ్ళలేదు, పంపకాలు. మొన్న గురువారం గిన్నెలు తుడుస్తూ నోరీన్ చాలా మామూలుగా అంది, "మళ్ళీ ఏడాదికి గది చెప్పేశాను. ఇద్దరికని చెప్పాను. నువ్వు రాకపోతే మా పాటల జట్టులో గ్లాడిస్ ఉంది, దాన్ని తీసుకెళ్తాను."

"గ్లాడిస్ గురక పెడుతుందన్నావుగా" అన్నాను.

"పెడుతుంది. కానీ వస్తానంటే వస్తుంది." ఒక గరిటె తీసి వెలుతురులో తిప్పి చూసింది, తడి ఉందేమోనని. "కోపంగా అనటంలేదు పిల్లా. నాకు అరవైమూడు. ఇక నిన్ను అడగటం నాకూ కష్టంగా ఉంది, నీకూ కష్టంగా ఉంది. ఈ ఒక్కసారి అడుగుతున్నాను. ఇంక అడగను."

లీగులో మామూలు ఆటలు ఇవాళ్టితో సరి, ఆపైన పైనున్న నలుగురే ఆడతారు. ఇవాళ మా జట్టు తలపడేది డుయేన్ తమ్ముడు లైల్ జట్టుతో. మేం తొమ్మిదో స్థానం, వాళ్ళు పదో స్థానం. గెలిస్తే మేం తొమ్మిదిలోనే ఉంటాం, వాళ్ళింట్లో పంపకాలు, నేను దీవిమీద. ఓడితే మేం పది. అంటే హాల్‌స్టెడో డోలనో ఇవాళ ఒకసారి ఎక్కువ పట్టుకోవడం మీదో, ఒకసారి జారవిడవడం మీదో మా అక్క పక్కన నేను కూర్చుంటానా గ్లాడిస్ కూర్చుంటుందా అనేది ఆధారపడి ఉంది. ఆ పిల్లలకి ఈ సంగతి తెలియదు, పాపం, ఈపాటికి చీలమండలకి పట్టీలు కట్టించుకుంటూ ఉంటారు. ఎరీ సరస్సు మీంచి గాలి కొడుతుంది క్లీవ్‌లాండ్‌లో, బంతి పైకి విసరడం కష్టం, అందుకని దగ్గరగా ఉండే హాల్‌స్టెడ్‌కే ఎక్కువ వేస్తారని ఒకాయన రాశాడు. గాలి ఉంటే అసలు విసరరని, నేలమీద పరిగెత్తుతారని, హాల్‌స్టెడ్‌ని రోజంతా గోడలా నిలబెడతారని ఇంకొకాయన రాశాడు. ఇద్దరూ ఈ విద్యలో పండితులే, ఇద్దరికీ టై ఉంది. టాంపాలో ఎండ, గాలి లేదు, అదే కారణానికి డోలన్ మంచివాడని ఒకడు, అదే కారణానికి బంతి దూరంగా పోయి వేరేవాడి చేతిలో పడుతుందని ఇంకొకడు. చారు పొంగబోయింది. మూత తీశాను. టర్కీ ఎముకలు, సెలెరీ కాడలు, రెండు మిరియాలు. రెండా మూడా అని ఆలోచించలేదు, చెయ్యి వేసింది.

ఫోను మోగింది, బెవ్. లైల్ పెళ్ళాం, నా తోడికోడలు, వాళ్ళ జట్టు పెట్టేది ఆవిడే.

"ఏమే, పెట్టావా?"

"లేదు."

"పదకొండుంబావయింది. నేను నిన్ననే పెట్టేశాను."

"ఎలా పెట్టావు?"

"ఎవడి పళ్ళు బాగున్నాయో వాణ్ణి పెట్టాను. మా ఆయన చీటీ సిగరెట్టు పెట్టె అట్టమీద రాశాడు, సగం చిరిగింది. చదవడానికి నాకేం కర్మ." వెనక ఏదో మిక్సీ తిరుగుతోంది, అది ఆగేదాకా ఆగింది. "నువ్వు ఆ లిస్టు చూశావా? నిరుటిలాగా చొక్కా లేనివాణ్ణి పెట్టేవు."

"చూశాను. ఇద్దరికీ చొక్కాలున్నాయి."

"నువ్వు ఓడిపోతే నాకు సంతోషమే తల్లీ, చెప్పేస్తున్నా. ఆ మందని మా ఇంట్లో పడుకోబెట్టే ఓపిక నాకు లేదు. లైల్‌తో చెప్పాను కూడా, అడుగున మిగిలితే పెరట్లో గొయ్యి తవ్వి అందులో పడుకోండి అని."

"ఏమన్నాడు?"

"ఎంత లోతు తవ్వమంటావు అన్నాడు." నవ్వింది, నేనూ నవ్వాను, నవ్వుతుంటే వెన్నులో ఎక్కడో పట్టేసింది. బెవ్ ఫోను పెట్టేసింది. బెవ్‌కి ఇవన్నీ ఒక లెక్కలోవి కావు. పంపకాలు తన ఇంట్లో జరిగిన ఏడాది పదిమందికీ బయటినుంచి పిజ్జా తెప్పించి, తను కూతురింటికి పోయి పడుకుంది. ఆ సంగతి ఎవరూ ఎత్తరు. నేను లిస్టు చూడని సంగతి మాత్రం డుయేన్ మా అమ్మాయి క్రిస్టా పెళ్ళి విందులో గ్లాసు పట్టుకుని నిలబడి చెప్పాడు, మా ఆవిడ మార్లిస్ ఎంచిన మనిషి టోపీ పెట్టుకుని నిలబడ్డాడని, గమ్ నమలడం అభినయించి మరీ. అందరూ నవ్వారు. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు కూడా నవ్వారు, వాళ్ళకి నేనెవరో అప్పటికింకా సరిగ్గా తెలియదు.

డుయేన్ చెడ్డవాడు కాదు. ఎవరయినా అడిగితే అదే చెప్తాను, చెప్పీ చెప్పీ నోరు దానంతటదే అంటుంది. చెయ్యెత్తడు, తాగి పడిపోడు, మంచు పడితే పక్కింటి ముసలాయన వాకిలి కూడా తనే తోడేస్తాడు. నీ ఇష్టం, అంటాడు. పెళ్ళయిన కొత్తలో ఆ మాట నాకెంత ముచ్చటగా ఉండేదో, మా నాన్న మా అమ్మని ఒక్క కర్టెను కూడా ఎంచుకోనివ్వలేదు. రెండు ఇళ్ళు చూశాం, ఒకటి గుట్టమీద, ఒకటి నది వైపు, ఒకే ధర, ఒకేలా మూడు పడకగదులు. నీ ఇష్టం మార్లిస్. వంటగదిలోకి ఎండ వస్తుందని నది వైపుది అన్నాను. మార్చిలో మంచు కరిగితే కింద గదిలోకి నీళ్ళొచ్చాయి. ఇరవయ్యేడేళ్ళుగా ప్రతి మార్చిలోనూ వస్తాయి. బక్కెట్టు పట్టుకుని మెట్లెక్కుతూ, అరవకుండా, వాతావరణం గురించి చెప్పినట్టు, "నేనైతే గుట్టమీదిది తీసుకునేవాణ్ణి" అంటాడు. ఆ రోజు అనలేదేం అని మొదటి ఏడాది అడిగాను. నువ్వడగలేదుగా అన్నాడు. అడిగాననే నాకు గుర్తు. అడిగానేమో. ఇప్పుడు నాకే సరిగ్గా తెలియదు, అన్నేళ్ళ నీళ్ళు తోడాక ఏది అడిగానో ఏది అడగాలనుకున్నానో కలిసిపోయాయి.

ఇల్లు సరే. కారు సరే, బడి సరే, పెంకుల రంగు సరే. క్రిస్టా చెవి మాత్రం. దానికి ఆరేళ్ళు, ఆ చలికాలమంతా చెవిపోటు. ఒక డాక్టరు చీము బయటికి పోయేలా చెవిలో చిన్న గొట్టాలు వేయించమన్నాడు, ఇంకో డాక్టరు ఇంకో నెల మందు వేసి చూడమన్నాడు. ఇద్దరూ మంచి డాక్టర్లే, ఇద్దరి గదుల్లోనూ అవే చేపల తొట్లు. కారులో డుయేన్ స్టీరింగు పట్టుకుని ముందుకు చూస్తూ, నువ్వే చెప్పు, తల్లివి నీకే తెలుస్తుంది అన్నాడు. వెనక సీట్లో అది చెవి అరచేత్తో మూసుకుని నిద్రపోతోంది. మత్తుమందు ఇస్తారంటే భయమేసింది నాకు. ఒక్క నెల చూద్దాం అన్నాను. పంతొమ్మిదో రోజు తెల్లారి దిండుమీద చీము, రక్తం. ఆస్పత్రి వరండాలో కాఫీ యంత్రం పక్కన నిలబడి, నా వైపు చూడకుండా, నెమ్మదిగా అన్నాడు, నేనైతే గొట్టాలు వేయించేవాణ్ణి. అంతే. ఇంక ఎప్పుడూ అనలేదు ఆ మాట. అనక్కరలేదు. క్రిస్టా ఇప్పటికీ ఎవరు పిలిచినా తల కుడివైపుకి కొంచెం తిప్పుతుంది, కోడిపిల్ల గింజ చూసినట్టు. దాని మొగుడికి అది అందంగా కనిపించిందట, పెళ్ళి ప్రమాణాలప్పుడు అందరిముందూ చెప్పాడు. అందరికీ కళ్ళు చెమ్మగిల్లాయి. నేను బల్లమీది గుడ్డ మడత సరిచేశాను.

అలసటగా ఉంది. పని వల్ల వచ్చే అలసట వేరు, అది పడుకుంటే పోతుంది. ఇది అది కాదు. రోజుకి మూడు వందల ఎనభై మందికి మొక్కజొన్న గింజలా బఠాణీలా అని తేల్చి, ఇంటికొచ్చి రాత్రికి ఏమిటి అని అడిగితే నీ ఇష్టం అనిపించుకుని, చివరికి తినేటప్పుడు ఇవాళ చారు ఉంటుందనుకున్నానే అనిపించుకునే అలసట. ఎవరో ఒకరు నా చేతిలోంచి ఆ గరిటె తీసుకుని ఇది తిను అని పెడితే, అది నాకు ఇష్టం లేనిదయినా సరే, మారు మాట్లాడకుండా తింటాను. పదకొండూ నలభై. కిటికీలోంచి వీధి ఖాళీగా ఉంది, మిషిగన్ సరస్సు వైపునుంచి ఆకాశం సీసంలా దిగుతోంది, ఎదురింటి వాకిట్లో ప్లాస్టిక్ టర్కీలోంచి గాలి పోయి పక్కకి ఒరిగింది. మళ్ళీ ఇద్దరినీ చూశాను. పోయిన వారం ఆటల తునకలు చూశాను, గొంతు తీసేసి. హాల్‌స్టెడ్ పట్టుకున్నాక వెంటనే లేచి బంతిని నేలకేసి కొడతాడు. డోలన్ కిందపడ్డాక ఒక్క క్షణం ఉండిపోతాడు. దెబ్బ తగిలి కాదు, లేవాలా అన్నట్టు. తరవాత మోచేతిమీద ఆని లేచి, బంతిని అంపైరు చేతికి తనే నడిచివెళ్ళి ఇచ్చి వస్తాడు. దానికి పాయింట్లు లేవు. అయినా నాకు వాడు నచ్చాడు. చొక్కామీద ఎనభై నాలుగు. వాణ్ణి పెడదామనుకున్నాను. వేలు పెట్టి నొక్కాను, డోలన్ పేరు పైకెక్కింది. తొమ్మిది చోట్లూ నిండాయి. కాసేపు ఊపిరి తేలికయింది, ఆ వెంటనే బరువెక్కింది, ఎందుకంటే ఇక వాడు ఏం చేసినా నేనే చేసినట్టు.

పదకొండూ యాభైకి మళ్ళీ మోగింది. డుయేన్ పేరు. అడవిలోంచి ఫోనంటే ఎవరికో గుండు తగిలిందనే అర్థం.

"ఏమయింది?"

"ఏం కాలేదు, ఏం కాలేదు. గుట్ట పైకెక్కాం, నేనూ లైలూ. ఇక్కడ పలుకుతోంది." గాలి హోరు, మధ్యలో అతని ఆయాసం. "పెట్టావా?"

"పెట్టాను."

"ఎవర్ని?"

ఫోను చక్కెర డబ్బాకి ఆనించి, గొంతు బయటికి వినపడేలా పెట్టి, తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాను. "డోలన్‌ని."

గాలి ఒక్కటే వినిపించింది. ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. మార్చిలో కింద గది మెట్లమీద ఉండే నిశ్శబ్దం.

"ఊఁ" అన్నాడు. "సరేలే. నీ ఇష్టం. కానీ హాల్‌స్టెడ్‌మీద ఇవాళ కాపలా కాసేవాడు కొత్త కుర్రాడు, తొమ్మిదో నంబరు. ఇక్కడ వేశారు చూడు, పసుపు రంగులో. గాలి కూడా తగ్గిందంటున్నారు. పదకొండూ నలభై ఐదుకి మార్చారు ఆ సంగతి."

"ఎక్కడ వేశారు?"

"ఇదిగో, మన జట్టు పేజీలోనే. డోలన్ బొమ్మ కింద కాదు, హాల్‌స్టెడ్ బొమ్మ కింద."

"డుయేన్, నీ ముందుందా ఆ పేజీ?"

"ఉంది. సిగ్నలు బాగానే ఉందిక్కడ."

"ఎప్పట్నుంచి ఉంది?"

"పదిన్నరకి ఎక్కాం. లిస్టు చూద్దామని." అన్నాక ఆగాడు.

దగ్గరదగ్గర గంటన్నర. చలిలో గుట్టమీద, ఇద్దరి బొమ్మలూ అరచేతిలో పెట్టుకుని గంటన్నర కూర్చున్నాడు. ఇక్కడ నేను ఎండలేని వంటగదిలో అవే రెండు బొమ్మలు పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క వేలితో నొక్కితే అయిపోయే పని, నొక్కలేదు. గుట్టెక్కింది పెట్టడానికి కాదు, నేను పెట్టానో లేదో చూడటానికి. ఇరవయ్యేడేళ్ళుగా నేను అనుకుంటూ వచ్చింది నామీద నమ్మకమని, ఆ తరవాత కొన్నేళ్ళు సోమరితనమని. ఇప్పుడు ఆ గాలి హోరులో అతని ఊపిరి వింటుంటే తెలిసింది, భయం. కారులో స్టీరింగు పట్టుకుని ముందుకు చూసింది కూడా భయమే. నాకున్నంత భయమే అతనికీ ఉండింది ఆ రోజు. తన వాటా కూడా నా ఒళ్ళో పడేసి, కిటికీ అద్దం దించుకున్నాడు.

కోపం రాలేదు. వస్తే బాగుండేది, కోపంలో ఓపిక ఉంటుంది. వేలితో డోలన్ పేరుమీద నొక్కి, బెంచీమీదికి దించాను. పైన గీతలు గీసిన ఖాళీ గడి మిగిలింది.

"మార్లిస్? ఏం చేశావు? ఇక్కడ ఖాళీ చూపిస్తోంది."

"ఖాళీ చేశాను."

"ఖాళీ చెయ్యడమేమిటే! ఖాళీగా వదిలితే లీగులో తలెత్తుకోగలమా? ఇరవై రెండేళ్ళలో ఒక్కడు వదల్లేదు! ఎనిమిది నిమిషాలుంది!"

వెనక లైల్ గొంతు, "ఏంటి, ఏమంటోంది?" అని.

"నీ దగ్గర సిగ్నలుంది" అన్నాను. "నువ్వు పెట్టు."

"నేనా? ఇప్పుడా? సరే, సరే, నీకు డోలన్ కావాలంటే డోలన్‌నే పెట్టు, నేనేమన్నానిప్పుడు, కుర్రాడి సంగతి చెప్పానంతే."

"నాకెవరూ అక్కర్లేదు డుయేన్. ఇంకోటి కూడా విను. గెలిచినా ఓడినా ఆగస్టు చివరి వారం నేనింట్లో ఉండను. నోరీన్‌తో దీవికి పోతున్నాను."

"ఆగస్టేమిటి ఇప్పుడు? నవంబర్లో ఆగస్టు గొడవేమిటి?" గొంతు పగిలింది, పద్నాలుగేళ్ళవాడిలా. "ఓడితే పదిమందికీ ఎవరు వండుతారు?"

"ఎవరి జట్టు?"

అటువైపు ఏదో విరిగినట్టు చప్పుడు, ఎండుపుల్ల మీద బూటు. గడియారంలో ముల్లు కదలడం చూశాను. చివరికి, చాలా మెల్లగా, లైల్‌కి వినపడకుండా కాబోలు, "నువ్వైతే ఎవర్ని పెట్టేదానివి? అదొక్కటి చెప్పు. చాలు" అన్నాడు.

పెట్టి చూపించాను కదా, అప్పుడు నీకు చాలలేదు, అందామనుకున్నాను. ఎనభై నాలుగో నంబరు చొక్కా మోచేతిమీద ఆని లేవడం కళ్ళముందు కదిలింది. జాలి కూడా వేసింది, ఆ గుట్టమీద ముక్కు కారుతూ నిలబడ్డ మనిషిమీద. చెప్పెయ్యాలనిపించింది, నోటిదాకా వచ్చింది. చారు కింద సెగ ఆపేశాను.

"నాకు తెలియదు" అన్నాను.

ఫోను పెట్టెయ్యలేదు అతను. నేనూ పెట్టెయ్యలేదు. ఇద్దరం అలాగే గాలి వింటూ ఉన్నాం. పదకొండూ యాభై ఏడు, యాభై ఎనిమిది. అతను ఏదో గొణుక్కుంటున్నాడు, అంకెలు. ఒకసారి లైల్ ఏదో అంటే "నోరు మూసుకోరా" అని కసిరాడు, తమ్ముణ్ణి అతను కసరడం నేనెప్పుడూ వినలేదు. యాభై తొమ్మిదికి గడిలో పేరొకటి వెలిగింది. హాల్‌స్టెడ్. ఆరిపోయింది. డోలన్ వచ్చాడు. అదీ ఆరిపోయింది. మళ్ళీ హాల్‌స్టెడ్. ఆ పక్కన చిన్న తాళం బొమ్మ పడింది.

"పెట్టాను" అన్నాడు డుయేన్. మెట్లు జారి కిందపడ్డవాడు ఎముకలు తడుముకుంటూ అన్నట్టుంది. "మార్లిస్, పెట్టేశాను. ఇప్పుడెలా?"

"ఇప్పుడేముంది, చూడటమే" అన్నాను. "చేతులకి తొడుగులు వేసుకో, చలి."

ఫోను పెట్టేశాక నేను ఆట చూడలేదు. కుర్చీ కిటికీవైపు తిప్పుకుని నోరీన్‌కి చేశాను. చర్చినుంచి అప్పుడే వచ్చినట్టుంది, ఒక చెవిపోగు తీస్తూ మాట్లాడుతున్న గొంతు.

"ఆగస్టుకి వస్తున్నాను" అన్నాను.

"డుయేన్ సరేనన్నాడా?"

"అడగలేదు."

అటునుంచి కుర్చీ లాగిన చప్పుడు, కాగితాల చప్పుడు. "ఉండు, రాసుకుంటాను. గదిలో రెండు మంచాలున్నాయి పిల్లా. ఒకటి కిటికీ పక్కన, ఒకటి తలుపు పక్కన. రెండూ ఒకే సైజు, రెండు పరుపులూ ఒకటే. నీకేది కావాలి?"

నోరు తెరిచాను. కిటికీ అంటే చలిగాలి, తలుపంటే అలికిడి, కిటికీ అంటే నీళ్ళు కనబడతాయి, తలుపంటే రాత్రి లేవడానికి, నోరీన్ మోకాళ్ళకి తలుపు పక్కది, కానీ నోరీన్‌కి నీళ్ళంటే ఇష్టం. నా కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయని మెడమీద చల్లగా తగిలాక తెలిసింది.

"ఉన్నావా?" అంది.

"నువ్వే చెప్పు నోరీన్."

"కిటికీ పక్కన పడుకో" అంది వెంటనే, రాసుకుంటూ.